కడుపుకు పడే కాఫీ, టీ ఎంచుకోవడం ఎలా?

"నాకు కాఫీ పడదండీ" అనే మాట హైదరాబాదులో ఏ ఇంటికి వెళ్ళినా ఎవరో ఒకరి నోట వినిపిస్తుంది. ఆ మాట అన్నవారిలో చాలామంది కాఫీ మానేసి టీకి మారతారు. టీ కూడా పడకపోతే గ్రీన్ టీ మొదలుపెడతారు. అదీ వికారం తెప్పిస్తే ఇక తమ కడుపు తీరే అంతని సరిపెట్టుకుని, పొద్దున్నే ఒక ఎసిడిటీ మాత్ర వేసుకుని పాత అలవాటుకే తిరిగివస్తారు. నేనూ కొన్నేళ్ళు ఇదే పని చేశాను. మూడు దుకాణాల పొడులు మార్చి చూసిన తర్వాత గాని, పొడి పేరు కంటే ముందు చూసుకోవలసినవి వేరే ఉన్నాయని నాకు తెలిసిరాలేదు. తాగే వేళ, డికాషన్ చిక్కదనం, గింజ రకం, వేయించిన తీరు, కలిపే పాలు అనే ఈ అయిదింటినీ విడివిడిగా పరిశీలిస్తే, కెఫీన్ ఉన్న పానీయాన్ని పూర్తిగా వదులుకోకుండానే కడుపుకు నెమ్మదిగా ఉండేదాన్ని చాలామంది ఎంచుకోగలరు.

మొదట "పడదు" అన్న మాటను విడదీసి చూసుకోవాలి, ఎందుకంటే ఆ ఒక్క మాట కింద నాలుగైదు వేర్వేరు బాధలు దాగి ఉంటాయి. గుండెల్లో మంట, పుల్లటి తేన్పులు వస్తుంటే కడుపులోని ఆమ్లం అన్నవాహికలోకి ఎగదన్నుతోందని అర్థం. తాగిన పావుగంటకు కడుపులో తిప్పినట్టుండి వికారం కలిగితే, ముఖ్యంగా టీ తాగేవారిలో, వగరునిచ్చే టానిన్లను అనుమానించాలి. గంట రెండు గంటల తర్వాత పొట్ట ఉబ్బి గ్యాస్ పడితే తప్పు చాలాసార్లు కాఫీది కాదు, పాలది గాని చికోరీది గాని అయి ఉంటుంది. తాగీ తాగగానే మరుగుదొడ్డికి పరుగెత్తవలసి వస్తే కాఫీ పెద్దపేగు కదలికను పెంచుతోందన్నమాట. గుండెదడ, చేతుల వణుకు మాత్రం కెఫీన్ మోతాదు మించిందనడానికి గుర్తులు. ఈ బాధల్లో మీది ఏదో తేల్చుకోకుండా పొడి మార్చడం, ఏ పన్ను నొప్పో చెప్పకుండా పన్ను పీకించుకోవడం లాంటిది.

కడుపులో జరిగేదేమిటి?

కాఫీలో ఆమ్లం ఉంది కాబట్టి ఎసిడిటీ వస్తుందని అందరూ అనుకుంటారు. కాని ఆమ్లాన్ని కొలిచే పీహెచ్ అంకె తగ్గేకొద్దీ ఆమ్లం గాఢమవుతుంది. కాఫీ పీహెచ్ సుమారు 5 ఉంటుంది. భోజనం లేని వేళ జీర్ణరసం పీహెచ్ 2కు దగ్గరగా ఉంటుంది. ఈ కొలమానంలో ఒక్కో అంకె పదిరెట్ల తేడాను సూచిస్తుంది కనుక, మన కడుపులో ఊరే ఆమ్లం కాఫీలోని ఆమ్లం కంటే దాదాపు వెయ్యి రెట్లు గాఢమైనది. అంటే కాఫీ తన వెంట తెచ్చే ఆమ్లం కంటే, కడుపు చేత ఊరించే ఆమ్లమే అసలు సమస్య. కాఫీ తాగినప్పుడు గ్యాస్ట్రిన్ అనే హార్మోను పెరిగి ఆమ్లం ఎక్కువగా స్రవిస్తుంది. దీనికి కెఫీన్ ఒక్కటే కారణం కాదు. కెఫీన్ తీసేసిన డీకాఫ్ కాఫీ కూడా ఆమ్లాన్ని ఊరిస్తుంది. డీకాఫ్‌కు మారినా మంట తగ్గలేదని కొందరు వాపోవడానికి కారణం ఇదే. కెఫీన్ చేసే మరో పని, అన్నవాహిక చివర ఉండే కండర కవాటాన్ని కొంత సడలించడం. ఆ కవాటం వదులైనప్పుడు ఊరిన ఆమ్లం పైకి వస్తుంది.

రోజు మొత్తం మీద ఎంత?

తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ తరఫున 2024లో వెలువడిన భారతీయుల ఆహార మార్గదర్శకాలు ఈ విషయంలో చాలా స్పష్టంగా ఉన్నాయి. వాటి ప్రకారం 150 మి.లీ. డికాషన్ కాఫీలో 80 నుంచి 120 మి.గ్రా., ఇన్‌స్టంట్ కాఫీలో 50 నుంచి 65 మి.గ్రా., ఒక కప్పు టీలో 30 నుంచి 65 మి.గ్రా. కెఫీన్ ఉంటుంది, రోజుకు 300 మి.గ్రా. దాటకూడదు. పొద్దున రెండు ఫిల్టర్ కాఫీలు, ఆఫీసులో మూడు టీలు తాగేవారు ఆ హద్దును తెలియకుండానే దాటేయవచ్చు. గర్భిణులు 200 మి.గ్రా. లోపే ఆగాలని పలు వైద్య సంస్థలు చెబుతున్నాయి. గర్భంతో ఉన్నప్పుడు గుండెల్లో మంట ఎలాగూ ఎక్కువ కాబట్టి వారు ఇంకా తగ్గించుకున్నా మంచిదే.

మన హోటళ్ళలో "వన్ బై టూ" అని ఒక కప్పును ఇద్దరు పంచుకునే అలవాటు ఉంది. కడుపు విషయంలో ఇంతకంటే తేలికైన మార్పు నాకు తెలియదు. రుచి అదే, స్నేహితుడితో కబుర్లు అవే, మోతాదు సగం.

కాఫీ పొడి కొనేటప్పుడు

గింజలు కళ్ళముందే వేయించి, మర పట్టి ఇచ్చే దుకాణం దగ్గరలో ఉంటే అక్కడే కొనండి. అడిగి చేయించుకోగలిగిన ఆ సౌకర్యం మూసి ఉన్న ప్యాకెట్‌లో దొరకదు. ముందుగా అరబికానా, రోబస్టానా అని అడగాలి. అరబికా గింజలో బరువు మీద సుమారు 1.2 శాతం కెఫీన్ ఉంటే, రోబస్టాలో దాదాపు రెట్టింపు ఉంటుంది. చిక్కటి డికాషన్, మంచి నురగ కోసం మన ఇళ్ళలో రోబస్టా కలిపిన పొడినే ఎక్కువగా వాడుతుంటారు. కడుపు బాధ ఉన్నవారు అరబికా ఎక్కువగా ఉన్నదాన్ని ఎంచుకోవాలి. దుకాణంలో "ప్లాంటేషన్ ఎ" అంటే కడిగి శుద్ధి చేసిన అరబికా అని, "చెర్రీ" అంటే పండును అలాగే ఎండబెట్టి తీసిన గింజ అని అర్థం. చెర్రీ అరబికాలోనూ రోబస్టాలోనూ ఉంటుంది కనుక ఏది అని విడిగా అడగాలి. గుండ్రంగా ఉండే పీబెర్రీ గింజకు రుచిలో పేరుంది గాని, దాన్ని కొన్నంత మాత్రాన కడుపుకు కలిగే మేలు ప్రత్యేకంగా ఏమీ లేదు. అల్లూరి సీతారామరాజు జిల్లా కొండల్లో గిరిజన రైతులు పండించే అరకు కాఫీ అరబికాయే. దానికి 2019లో భౌగోళిక గుర్తింపు లభించింది. మన తెలుగు నేలమీద పండిన గింజే కడుపుకు కూడా అనుకూలమైన రకం కావడం నాకు ఎంతో సంతోషం కలిగించే విషయం.

తర్వాత చూడవలసింది వేయించిన తీరు. ఇక్కడ నాలుక మనల్ని పొరపాటు పట్టిస్తుంది. బాగా మాడ్చిన గింజ చేదుగా ఉంటుంది కాబట్టి అది ఘాటైనదని, లేత రంగులో వేయించినది మృదువైనదని భావిస్తాం. కెఫీన్ రెండింటిలోనూ దాదాపు సమానమే. కాని గింజ వేగేకొద్దీ కడుపును రెచ్చగొట్టే క్లోరోజెనిక్ ఆమ్లాలు తగ్గుతాయి, ఆమ్ల స్రావాన్ని అదుపుచేస్తుందని పరిశోధకులు గుర్తించిన ఎన్-మిథైల్‌పిరిడీనియం అనే పదార్థం కొత్తగా పుడుతుంది. అందువల్ల ముదురు గోధుమ రంగు దాటి, నలుపుకు తిరగకముందే దించిన డార్క్ రోస్ట్ చాలామందికి లైట్ రోస్ట్ కంటే బాగా పడుతుంది. బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ వైపు కొత్త కేఫ్‌లలో పళ్ళ వాసన, పుల్లదనం ఉట్టిపడే లైట్ రోస్ట్‌ను గొప్పగా వడ్డిస్తారు. రుచికి అది గొప్పదే కావచ్చు, కాని గుండెల్లో మంట ఉన్నవారు దానితో మొదలుపెట్టకపోవడమే మేలు. తక్కువ పులుపు కావాలనుకునేవారు మాన్‌సూన్డ్ మలబార్ గింజలనూ ప్రయత్నించవచ్చు. పడమటి తీరపు గిడ్డంగులలో వానాకాలపు గాలికి వారాల తరబడి ఆరబోసిన ఆ గింజలు ఉబ్బి, పులుపును కోల్పోతాయి.

చికోరీ గురించి కొంచెం వివరంగా చెప్పాలి. అది ఒక మొక్క వేరు. దానిలో కెఫీన్ లేదు. 80:20, 70:30, 60:40 అని దుకాణదారు చెప్పే లెక్కల్లో రెండో అంకె చికోరీదే. ప్యాకెట్ మీద ఈ శాతాలు తప్పనిసరిగా ముద్రించి ఉంటాయి, కాఫీ వాటా కనీసం 51 శాతం ఉండాలి. కెఫీన్ వల్ల దడ వచ్చేవారికి చికోరీ కలిసిన పొడి నిజంగానే మేలు చేస్తుంది, ఎందుకంటే అదే చిక్కదనానికి అందులో కాఫీ తక్కువ పడుతుంది. అయితే చికోరీలో ఇన్యులిన్ అనే పీచు ఉంది. అది పెద్దపేగుకు చేరి అక్కడి సూక్ష్మజీవుల వల్ల పులిసి గ్యాస్ అవుతుంది. ఉబ్బరంతో బాధపడేవారు చికోరీ లేని శుద్ధమైన కాఫీకి మారి రెండు వారాలు చూడాలి. ఒకే ఇంట్లో భర్తకు దడ, భార్యకు ఉబ్బరం ఉంటే ఇద్దరికీ ఒకే పొడి సరిపోదు. రెండు చిన్న డబ్బాలు పెట్టుకోవడం ఖర్చేమీ కాదు.

ఇక ఫిల్టర్ దగ్గర చేసే పొరపాట్లు. పొద్దున దిగిన డికాషన్‌ను పొయ్యి పక్కన వేడిగా ఉంచి సాయంత్రం దాకా వాడుకోవడం చాలా ఇళ్ళలో ఉంది. అలా వేడి మీద నిలవ ఉన్నకొద్దీ అందులో క్వినిక్ ఆమ్లం పెరిగి డికాషన్ పులుస్తుంది. తాజాగా ఉన్నప్పుడు తెలియని పులుపు సాయంత్రానికి మంటగా తేలుతుంది. మిగిలినదాన్ని చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టి, తాగేటప్పుడు వేడి పాలతో కలుపుకోండి, డికాషన్‌ను మరిగించకండి. అదే పొడి మీద మళ్ళీ నీళ్ళు పోసి తీసే రెండో డికాషన్‌లో కెఫీన్ తక్కువే గాని చేదూ వగరూ ఎక్కువ. కడుపు సున్నితంగా ఉన్నవారు దాన్ని వదిలేసి, మొదటి డికాషన్‌నే తక్కువగా వేసుకోవాలి. చన్నీటిలో 12 నుంచి 16 గంటలు నానబెట్టి వడకట్టే కోల్డ్ బ్రూ కూడా మంచి ప్రత్యామ్నాయం. దాని పీహెచ్ వేడి కాఫీకి దగ్గరగానే ఉన్నా మొత్తం ఆమ్లాలు తక్కువగా దిగుతాయి. అయితే అది చిక్కగా తయారవుతుంది కనుక సమానంగా నీళ్ళు గాని పాలు గాని కలపకుండా తాగితే కెఫీన్ మోతాదు మించిపోతుంది.

పాలను కూడా పరీక్షించండి

పెద్దయ్యాక పాలలోని లాక్టోజ్ అనే చక్కెరను జీర్ణించుకునే శక్తి తగ్గిపోవడం మన ప్రాంతంలో చాలా మామూలు విషయం. నింద మాత్రం కాఫీ మీద పడుతుంది. ఒక సెలవు రోజున కాఫీ, టీ ఏమీ తాగకుండా ఒక గ్లాసుడు పాలు మాత్రమే తాగి చూడండి. ఉబ్బరం వచ్చిందంటే దోషి దొరికినట్టే. అప్పుడు లాక్టోజ్ తీసిన పాలు గాని, సోయా పాలు గాని వాడుకోవచ్చు. పాలు పోస్తే ఎసిడిటీ తగ్గుతుందన్న నమ్మకం సగమే నిజం. తాగిన కాసేపు చల్లగా అనిపించినా, పాలలోని ప్రొటీను, కాల్షియం తర్వాత మళ్ళీ ఆమ్లాన్ని ఊరిస్తాయి.

టీ సంగతి

హైదరాబాదులో టీ గురించి మాట్లాడుతూ ఇరానీ చాయ్‌ను పక్కన పెట్టలేం. చార్మినార్ దగ్గరి నిమ్రా కేఫ్ కావచ్చు, లక్డీకాపూల్ వైపు నీలోఫర్ కేఫ్ కావచ్చు, ఆ చాయ్ పద్ధతి ఒకటే: టీ పొడిని మూత బిగించిన పాత్రలో సన్నటి సెగ మీద చాలాసేపు దమ్ చేసి డికాషన్ తీస్తారు, పాలను వేరే పాత్రలో చిక్కబడేదాకా మరిగిస్తారు, రెండింటినీ కప్పులోనే కలుపుతారు. అంతసేపు మరిగిన డికాషన్‌లోకి టానిన్లు బాగా దిగుతాయి. పాల ప్రొటీను ఆ టానిన్లలో కొంత భాగాన్ని పట్టేసుకుంటుంది కనుకనే ఇరానీ చాయ్ నాలుక మీద అంత వగరుగా అనిపించదు. కాని చిక్కటి పాల కొవ్వు, దండిగా వేసే చక్కెర కడుపు ఖాళీ కావడాన్ని ఆలస్యం చేస్తాయి. ఈ చాయ్ మానమని చెప్పడానికి నాకు మనసు రాదు. చెప్పవలసిన అవసరమూ లేదు. టిఫిన్ తిన్న తర్వాత, రోజుకు ఒక కప్పు, "డికాషన్ తక్కువ" అని అడిగి తాగితే చాలామందికి ఇబ్బంది ఉండదు. పొద్దున్నే ఏమీ తినకుండా చాయ్‌తో రెండు ఉస్మానియా బిస్కెట్లు నమిలి తిన్నామనుకోవడం మాత్రం సరికాదు. మైదా, వెన్న, చక్కెరలతో చేసిన ఆ బిస్కెట్ టిఫిన్‌కు బదులు కాదు.

ఇంట్లో టీ పెట్టే పద్ధతి మార్చడం రకం మార్చడం కంటే ఎక్కువ ఫలితమిస్తుంది. మన ఇళ్ళలో వాడే అస్సాం గుళికల టీని ఆకును నలిపి, చించి, చుట్టి తయారుచేస్తారు. అందువల్ల అది రెండు నిమిషాల్లోనే తన సారమంతా వదిలేస్తుంది. దాన్ని పాలూ నీళ్ళూ కలిపి పదినిమిషాలు కుతకుత ఉడికించడం వల్ల రంగు, వగరు పెరుగుతాయే తప్ప వాసన పెరగదు. నీళ్ళు మరిగాక పొయ్యి కట్టేసి, పొడి వేసి, మూతపెట్టి మూడు నిమిషాల తర్వాత వడకట్టి, విడిగా కాచిన పాలు కలపండి. వడకట్టిన పొడిని మళ్ళీ మరిగించకండి. ఇంకా మెత్తగా కావాలంటే నీలగిరి ఆకు టీ ఎంచుకోండి. ఆకు విరగకుండా చుట్టిన టీ నెమ్మదిగా దిగుతుంది, సువాసన ముందు వస్తుంది, వగరు వెనక వస్తుంది. మూడో నిమిషంలో తీసేస్తే రెండోది రానే రాదు. కొనేముందు దుకాణంలో ఒక గుక్క రుచి చూసే అవకాశముంటే, మింగిన తర్వాత నాలుక, చిగుళ్ళు పట్టేసినట్టు ఎండిపోతున్నాయేమో గమనించండి. ఆ పట్టు ఎంత తక్కువగా ఉంటే ఆ టీ మీ కడుపుకు అంత సులువు.

గ్రీన్ టీ ఆరోగ్యకరమన్న పేరుతో పరగడుపున తాగి వికారంతో బాధపడేవారు నాకు తెలిసినవారిలోనే పలువురున్నారు. అది కూడా టానిన్లున్న ఆకే. పైగా దాన్ని పాలు లేకుండా తాగుతాం. సలసల మరిగే నీళ్ళు కాకుండా 80 డిగ్రీల దగ్గరి నీళ్ళు పోసి, రెండు నిమిషాలకు ఆకు తీసేసి, ఏదైనా తిన్న తర్వాతే తాగాలి.

పాలు పడనివారికి సులేమానీ చాయ్ బాగుంటుంది, కాని అందులో నిమ్మరసం పిండుతారు, ఒక్కోసారి పుదీనా వేస్తారు. గుండెల్లో మంట ఉన్నవారికి ఈ రెండూ మంచివి కావు. పుదీనా చల్లదనమిచ్చినట్టే ఉన్నా, నేను పైన చెప్పిన కండర కవాటాన్ని సడలిస్తుంది. బిర్యానీ తిన్న వెంటనే సులేమానీ తాగేవారు నిమ్మ, పుదీనా లేకుండా రెండు యాలకులు వేయించుకోవడం మేలు. అల్లం వికారానికి మంచిదే, అయితే చిన్న ముక్క చాలు. ఘాటు ఎక్కువైతే కొందరికి మంట పెరుగుతుంది. ఏ చాయ్ అయినా పొగలు కక్కుతుండగా గటగటా తాగకండి. 65 డిగ్రీలు దాటిన వేడి పానీయాలు అన్నవాహికకు హాని చేసే అవకాశం ఉందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2016లో హెచ్చరించింది. సాసర్‌లో పోసుకుని ఆర్చుకునే మన పెద్దల అలవాటు ఈ లెక్కన చాలా మంచిది.

ఏ వేళకు తాగాలి?

పరగడుపున వద్దని అందరూ చెబుతారు. అయితే పోషకాహార సంస్థ మార్గదర్శకాలు భోజనానికి గంట ముందు, గంట తర్వాత కూడా కాఫీ, టీ వద్దంటున్నాయి, ఎందుకంటే టానిన్లు ఆహారంలోని ఇనుమును పట్టేసి ఒంటికి పట్టకుండా చేస్తాయి. ఈ రెండు సలహాలనూ కలిపి చూస్తే పొద్దున టిఫిన్ అయిన గంట తర్వాత ఒకటి, సాయంత్రం నాలుగింటికి కొద్దిపాటి చిరుతిండితో ఒకటి అనువైన వేళలవుతాయి. లేవగానే తాగనిదే కాలు కదలదనేవారు ముందు ఒక అరటిపండు తిని, సగం కప్పుతో సరిపెట్టుకోవాలి. గ్లాసుడు మంచినీళ్ళు తాగడం మంచిదే గాని అది తిండికి బదులు కాదు. కెఫీన్ సగానికి తగ్గడానికే సుమారు అయిదు గంటలు పడుతుంది. పైగా పడుకున్నప్పుడు ఆమ్లం సులభంగా పైకి వస్తుంది. అందువల్ల రాత్రి మంట ఉన్నవారు సాయంత్రం తర్వాత ముట్టుకోకూడదు.

ఉపవాసాల రోజుల్లో మరింత జాగ్రత్త కావాలి. ఏకాదశి నాడు అన్నం మాని, కాఫీతోనే పొద్దుపుచ్చేవారి కడుపులో ఆమ్లానికి పని చెప్పే తిండి ఏదీ ఉండదు. ఆ రోజు పండ్లు, పాలు, మజ్జిగ తీసుకుని కాఫీని ఒక్కసారికి పరిమితం చేసుకోవాలి. రంజాన్ నెలలో ఇఫ్తార్ అయిన వెంటనే చాయ్ తాగకుండా, ఖర్జూరం, నీళ్ళు, తేలికైన ఆహారం తీసుకుని గంట ఆగి తాగడం నయం. సహరీలో చిక్కటి చాయ్ తాగితే పగలంతా ఖాళీ కడుపులో మంట ఉండిపోవచ్చు.

మాత్రలు వేసుకునేవారికి ఒక మాట. థైరాయిడ్ మాత్రను కాఫీతో గాని, కాఫీకి కాస్త ముందు గాని వేసుకుంటే అది సరిగా ఒంటపట్టదు; అరగంట నుంచి గంట ఎడం ఉండాలి. ఐరన్ మాత్రను టీతో మింగకూడదు. ఇబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు కడుపు లోపలి పొరను దెబ్బతీస్తాయి. వాటిని ఖాళీ కడుపుతో కాఫీ తోడు చేసి వేసుకోవడం చాలా ప్రమాదకరం. మలం తారులా నల్లగా రావడం, వాంతిలో రక్తం, మింగడం కష్టం కావడం, కారణం లేకుండా బరువు తగ్గడం వంటివి కనిపిస్తే పొడి మార్చే ప్రయత్నాలన్నీ ఆపి వెంటనే వైద్యుణ్ణి కలవాలి. వారాల తరబడి తగ్గని మంటకు హెలికోబాక్టర్ పైలోరి అనే సూక్ష్మజీవి కారణమై ఉండవచ్చు. దానికి పరీక్ష ఉంది, చికిత్స ఉంది.

ప్రయత్నించే పద్ధతి

అన్నీ ఒకేసారి మార్చితే ఏది పనిచేసిందో తెలియదు. మొదటి వారం మీరు ఇప్పుడు వాడుతున్న పొడినే ఉంచి, తాగే వేళ మాత్రం మార్చండి. రెండో వారం డికాషన్‌ను మూడో వంతు తగ్గించండి. మూడో వారం పాలు మార్చి చూడండి. అప్పటికీ బాధ ఉంటేనే అరబికా డార్క్ రోస్ట్‌కు గాని, ఆకు టీకి గాని మారండి. అది కూడా వంద గ్రాములే కొనండి. వంటింటి క్యాలెండర్‌లో రోజూ ఆ తేదీ గడిలో మంట, వికారం, ఉబ్బరం అని ఒక్క మాట రాసుకుంటే చాలు. నా క్యాలెండర్‌లో వేళ మార్చకముందు వారం ఏడు గడుల్లో అయిదింటిలో "మంట" అని ఉండేది; టిఫిన్ తర్వాతకు మార్చిన వారానికి అది రెండు గడులకు తగ్గింది, ఆ రెండూ ఇడ్లీ తినకుండా ఆఫీసుకు పరుగెత్తిన రోజులు.